స్వభావోక్తికి ఉదాహరణ

మా తెలుగు టీచరుకు అలంకారాలు చెప్పడమంటే మహా సరదా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా నుంచి నాంపల్లిలోని మా ఆడపిల్లల బడికి వచ్చిందావిడ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోటికి ఊరేం ఖర్మ, నాంపల్లి స్టేషనే ఖాళీ అయ్యేది!

ఉదాహరణలు పుస్తకంలోంచి ఇచ్చేది కాదు. ఒక పిల్లను నిలబెట్టి, ఆ పిల్ల మీదే చెప్పేది. అది ఏ అలంకారమో ఆ పిల్లే చెప్పాలి. సరిగ్గా చెబితే కూర్చోవచ్చు. మిగతావాళ్లు రాసుకోవాలి. లావుపిల్ల, నత్తిపిల్ల అయ్యాక నా వంతు వచ్చింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి నా ముఖమంతా గుంటలు.

“దీని ముఖం జల్లెడ వలె ఉన్నది. ఏమిటే?”

“ఉపమ, టీచర్.”

“దీని ముఖమే జల్లెడ.”

“రూపకం.”

క్లాసంతా కిసకిసలు. ఆ రెండింటికీ తేడా ఆ రోజు నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసి ఉండదు. ‘వలె’ ఉన్నంతసేపూ నాకూ జల్లెడకూ నడుమ కాస్త ఎడం ఉంది. రూపకం ఆ కాస్త ఎడాన్నీ లాగేసుకుంది.

“పిండి జల్లించడానికే దేవుడు ఈ ముఖం చేశాడేమో!”

“ఉత్ప్రేక్ష,” అన్నాను. అయినా కూర్చోమనలేదు.

“ఇక స్వభావోక్తి. ఏ పోలికా లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. నీ ముఖం గురించి నువ్వే చెప్పు.”

చచ్చినా చెప్పనని పళ్లు బిగించాను.

“ఎంత పొగరే నీకు! రేపు మీ నాన్నను తీసుకురా. లేకపోతే ఈ బడిలో అడుగు పెట్టకు.”

మెట్రిక్ పాసై, ట్రైనింగుకు వెళ్లి, టీచరునవ్వాలి. నాకున్నది ఆ ఒక్క దారేనని మా ఇంట్లో అందరికీ తెలుసు. పాఠం అప్పజెప్పలేదని పిలిచారని మాత్రం ఇంట్లో చెప్పాను.

మర్నాడు మా నాయిన, అబిడ్స్‌లో తాను పనిచేసే బట్టల దుకాణం సేటుకు చెప్పుకొని వచ్చాడు. క్లాసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతులు జోడించాడు.

“జర మాఫ్ చెయ్యున్రి, మేడమ్. మా పిల్ల మొకమంత గుంటలు. దీన్ని ఎవ్వలు చేసుకోరు. సదువు గూడ లేకుంటే ఎట్ల బతుకుతది?”

నేను నా బెంచీ దగ్గర నిలబడే ఉన్నాను. టీచరు ముఖం వెలిగిపోయింది. ఆయనకు జవాబైనా ఇవ్వకుండా క్లాసు వైపు తిరిగింది.

“చూశారా! స్వభావోక్తి అంటే ఇదీ. రాసుకోండి.”

అందరూ తలలు వంచి రాసుకున్నారు. ఆవిడ నోరు పడిపోను! నా పక్కపిల్ల ‘గుంటలు’ దగ్గర ఆగి, నా వంక చూసి, మళ్లీ రాసింది.

“సరే, కూర్చోవే,” అంది టీచరు.

నాయినకు ఇదంతా ఏమీ అర్థం కాలేదు. నా బడి పోలేదన్నది ఒక్కటే అర్థమైంది. వెళ్లేముందు నా బెంచీ దగ్గరికి వచ్చి, సంతోషం పట్టలేక మెల్లగా అడిగాడు.

“మంచిగనే చెప్పిన గదా, బిడ్డా?”

“ఔ నాయినా, మంచిగ చెప్పినవు,” అన్నాను.