పోవుడు జల్దీ, వచ్చుడు నిదానం

మా డాక్టర్ సంగమేశ్‌కు ఒకటే పిచ్చి. ఎక్కడికైనా పిడుగులా పోతాడు, తిరిగి మాత్రం రాడు. అంటే వస్తాడు. కానీ ఆ రావడాన్ని చూసే ఓపిక నారాయణఖేడ్‌లో ఎవరికీ లేదు.

వాళ్లావిడ చందన ఒకరోజు పొద్దున అంగడికి పంపి కొత్తిమీర తెమ్మంది. చెప్పు తొడిగినంత సేపట్లో అంగడి చేరాడు. కట్ట కొన్నాడు. ఆ తర్వాత మొదలైంది తిరుగు ప్రయాణం. ప్రతి దుకాణం ముందు ఆగి, ప్రతి మొహాన్నీ పరీక్షగా చూసి, పొయ్యి ఆరిపోయాక ఇల్లు చేరాడు. చందన వాడిపోయిన ఆ కట్టను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "కొత్తిమీర తెమ్మంటే బర్రెకు గడ్డి తెచ్చిండు" అంది. బర్రెకు పెడితే అదీ తినలేదు.

ఈ పిచ్చి ఆయనకు చదువు వల్ల పట్టింది. ఆయన పేగుల డాక్టర్. కెమెరా ఉన్న పొడుగాటి గొట్టాన్ని వెనక నుంచి పెద్దపేగులోకి ఎక్కించి చూస్తాడు. ఆ విద్యలో ఒక నియమం ఉంది. గొట్టం లోపలికి పోయేటప్పుడు దారి వెతుక్కోవడమే పని, అసలు చూడటమంతా వెనక్కి లాగేటప్పుడే. తొందరగా లాగేసేవాడి కంటికి ముడతల వెనక దాక్కున్న కంతులు దొరకవని పెద్ద పెద్ద పరిశోధనలు తేల్చాయి. ఎంతసేపు చూడాలో నిమిషాల లెక్క కూడా పెట్టాయి. మిగతా డాక్టర్లు ఆ నియమాన్ని గొట్టం దగ్గరే వదిలేసి చేతులు కడుక్కుంటారు. ఈయన ఇంటికి తెచ్చుకున్నాడు.

కల్హేర్ ఊరి జగన్నాథ్ పటేల్‌కు దొడ్డికి పోతే రక్తం పడుతుండేది. పటేల్ అప్పటికే హైదరాబాద్‌లో ఒక అద్దాల దవాఖానలో చూపించుకున్నాడు. అక్కడ ఆయన ఇంటి దేవుణ్ణి తలుచుకునేలోపే పరీక్ష అయిపోయింది. మెరిసే కాగితం మీద రంగు ఫోటోలు అచ్చేసి, అంతా బాగుందని చేతిలో పెట్టారు. ఫోటోలు బాగానే ఉన్నాయి. రక్తం ఆగలేదు.

సంగమేశ్ బల్ల మీద పడుకోబెట్టాడు. గొట్టం చివరిదాకా పోయిందని నర్సుతో అనడం పటేల్ విన్నాడు. ఇక అయిపోయిందనుకుని లేవబోయాడు.

"యాడికి పటేలా?"

"చివరికి పోయిందన్నవు గదా. గుంజెయ్యి ఇగ."

"పోవుడు అయింది. చూసుడు ఇప్పుడు మొదలైతది."

మొదలైంది. పటేల్ ముందు మూలిగాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత అలిసిపోయి పత్తి ధరల గురించి మాట్లాడాడు. అంత వెతికితే దొరికింది టమాటా తొక్క. పరీక్షకు ముందురోజు కడుపు కడుక్కునే మందు తప్ప ఏమీ ముట్టొద్దని చెప్పి పంపిస్తే, ఖాళీ కడుపుతో ఇంట్లోంచి కాలు బయట పెడితే అరిష్టమని వాళ్లమ్మ జొన్నరొట్టె, టమాటా తొక్కు పచ్చడి పెట్టిందట. సంగమేశ్ గొట్టం తీసి, కడుపు కడుక్కుని మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ వచ్చినప్పుడు ఒక ముడత వెనక కంతి దొరికింది, అక్కడే తీసేశాడు. రక్తం ఆగిపోయింది. పటేల్ ఈ రెండో సంగతి ఎవరికీ చెప్పలేదు. టమాటా తొక్క కథ మాత్రం మండలమంతా చెప్పాడు. పెద్దమనుషులకు మేలు చేస్తే దక్కేది ఇదే.

హైదరాబాద్‌లో డాక్టర్ల సభలో జరిగింది ఇంకా ఘోరం. అక్కడి ప్రొఫెసర్ ఒకాయన కొలైటిస్ మీద పెద్ద అధ్యయనం నడుపుతున్నాడు. కొలైటిస్ అంటే పెద్దపేగు వాచి, పుండ్లు పడి, రక్తం పోయే జబ్బు. తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తుంది, ఏళ్ల తరబడి మందులు వాడాలి. పల్లెల్లో ఈ రోగులు ఎలా ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి కనుక్కోవడం సంగమేశ్ వంతు. ఆ వివరాలకు పైన పేరు పెట్టుకోవడం ప్రొఫెసర్ వంతు. పంపకం న్యాయంగానే ఉంది. దుమ్ము ఒకరికి, దండ ఒకరికి.

సభలో మాట్లాడటానికి సంగమేశ్‌కు కాస్త సమయం ఇచ్చారు. ఆయన స్లైడ్లన్నీ ఊపిరి తీసుకోకుండా చివరిదాకా పరిగెత్తించాడు. జనం చప్పట్లకు చేతులెత్తారు. అప్పుడు ఆయన చివరి స్లైడ్ నుంచి వెనక్కి రావడం మొదలుపెట్టాడు. అధ్యక్షుడు గంట కొట్టాడు. ఈయన ఆగలేదు. మూడో స్లైడ్ దగ్గర నిలబడి, ఇక్కడి మొత్తమూ ఆఖరి స్లైడ్‌లోని మొత్తమూ కలవడం లేదని, ప్రొఫెసర్ గారు కూడిక తప్పారని మైకులో చెప్పాడు. భోజనాల దగ్గర సంగమేశ్ పక్కన ఎవరూ కూర్చోలేదట. దానికేం బాధపడలేదు. భోజనం జల్దీగానే అయింది, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు.

నేను ఆయన బండి నడిపేవాణ్ణి. అంతకుముందు ఆయనే నడుపుకునేవాడు. తిరిగి వచ్చేటప్పుడు మెడ పక్కకు తిప్పి చేలు, గుడిసెలు, మనుషులు చూసుకుంటూ సిర్గాపూర్ దగ్గర ఒకరి పత్తి చేలోకి దిగిపోయాడు. చేను గల ఆయన పరుగెత్తుకొచ్చి లేపితే, పడ్డవాడు లేపినవాడి కళ్లు చూసి, పచ్చగా ఉన్నాయి, కామెర్లేమో చూపించుకొమ్మన్నాడు. ఆ రోజే బండి తాళం చందన నాకిచ్చింది. నాకప్పుడు పనీపాటా లేదు. ఈ ఊళ్లో డిగ్రీ చదివినవాళ్లకు బండి నడపడం పెద్ద ఉద్యోగమే.

అలా ఆ అధ్యయనమంతా నా కళ్ల ముందే జరిగింది. ఏమాటకామాటే చెప్పాలి, అంత ఆరోగ్యవంతులైన రోగులను నేనెక్కడా చూడలేదు. ఏ ఇంట్లో అడిగినా బాగుందనే జవాబు. చెప్పేది రోగి కాదు. మొగుడు చెబుతాడు, మామ చెబుతాడు, ఎవరూ లేకపోతే చూడటానికి వచ్చిన చుట్టం చెబుతాడు. మన ఇళ్లలో ఆడమనిషి పేగు కూడా ఇంటిపెద్ద పేరు మీదే ఉంటుంది. సంగమేశ్ ఈ జవాబులన్నీ గబగబా రాసుకుని, టీ సగం తాగి లేచేవాడు. ఆ తర్వాత గుమ్మం నుంచి బండి దాకా రావడానికి మాత్రం, లోపల కూర్చున్న దానికి మూడింతలు పట్టేది. నేను ఎండలో నిలబడి, లోకంలో ఇంతమంది డాక్టర్లుండగా నాకు ఈయనే దొరకాలా అనుకునేవాణ్ణి.

ఒకరోజు కంగ్టి అవతల ఒక ఊరికి పోయాం. రోగి పేరు స్వరూపరాణి, కొత్త కోడలు. మొగుడు హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయాడు. అత్త రుక్కమ్మ మోకాళ్ల నొప్పులతో మంచం మీద కూర్చుంది, కోడలు తలుపు చాటున నిలబడింది. మనిషి బాగా చిక్కిపోయింది.

మాత్రలు వేసుకుంటోందా అని డాక్టర్ అడిగితే, తానే దగ్గరుండి వేయిస్తున్నానని అత్త చెప్పింది. రక్తం పడుతోందా అంటే లేదంది. రోజుకు ఎన్నిసార్లు పోతోందంటే అందరి లెక్కనే అంది. సంగమేశ్ రాసుకుని లేచాడు.

"రాణీ, నా మోకాళ్లు లేస్తలేవు. సారును వాకిలి దాక సాగనంపు" అంది రుక్కమ్మ.

నేను బండి స్టార్ట్ చేశాను. సంగమేశ్ వాకిట్లో దడి మీద పాకిన చిక్కుడు తీగ దగ్గర ఆగిపోయాడు. ఒక్కొక్క ఆకూ తిప్పి చూస్తున్నాడు. పెట్రోలు దండగని ఇంజన్ ఆపాను. అందుకే వాళ్ల మాటలు వినిపించాయి.

"ఈ తీగ ఎప్పుడు పెట్టిన్రమ్మా?"

"వానలు పడ్డంక సార్."

"పురుగు వట్టలే గదా?"

"లేదు సార్." ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. విప్పింది. "సార్, మాత్రలు బంద్ చేసిన."

ఆయన తల తిప్పలేదు. ఇంకో ఆకు పట్టుకున్నాడు.

"నెల తప్పిన సార్. ఆ మాత్రలేసుకుంటే కడుపుల పిల్లకు పడదని వాడకట్టుల అన్నరు. బంద్ చేస్తే రక్తం మల్ల షురువైంది. పోయినసారి అందరికి చెప్పినం, నిలవలే. గీసారి నిలిచేదాక ఎవ్వరికి చెప్పద్దనుకున్న."

"నీ మాత్రలు పిల్లనేం చెయ్యవు చెల్లె. జబ్బు లేస్తెనే పిల్లకు కష్టం" అన్నాడు సంగమేశ్ చిక్కుడాకుతో. "ఇయ్యాల్నే మొదలువెట్టు. రేపు దవాఖానకు రా. కాన్పుల డాక్టరమ్మకు గూడ చూపిద్దాం."

"అత్త అడిగితే?"

"నా మీద వడెయ్యి. పిచ్చి డాక్టర్ ఊకె రమ్మంటుండని చెప్పు. నమ్ముతరు."

ఆమె నవ్వింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నేను చూసిన మొదటి నవ్వు అది. నవ్వు దాచుకుంటూనే లోపలికి పోయింది.

ఆయన తీగ వదిలి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీకు చిక్కుడు గురించి ఏమన్న తెలుసా?" అన్నాను.

"ఒక్క ముక్క తెల్వది."

"మరి గంతసేపు ఏం చూసినవు?"

"లోపల అడిగితే ఇల్లు చెప్తది తమ్మీ. మనిషి చెప్పాలంటే వాకిట్లకు రావాలె. వచ్చినంక గూడ మన మొహం చూస్తే చెప్పదు."

ఇంకేదో అనబోతుంటే వెనక చప్పుడైంది. మోకాళ్లు లేవని రుక్కమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వస్తోంది. కోడలు లోపలే ఉందా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

"సారూ, నాకూ ఒకటుంది" అంది మెల్లగా. "కోడలి ముంగట చెప్పాలంటే షరమైతది." తర్వాత నన్ను ఎగాదిగా చూసింది. "తమ్మీ, నువ్వు జర ఆ పెసలు ఆరబోసిన కాడ కూసో. కోళ్లొస్తున్నయి."

సంగమేశ్ అప్పటికే దడి వైపు తిరిగిపోయాడు. "పెద్దమ్మా, ఈ చిక్కుడు ఏ రకం?"

నేను పెసల దగ్గర కూర్చుని కోళ్లను తోలుతున్నాను. కాసేపటికి పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, సారు ఇంకా పోలేదా అని అడిగింది. ఇప్పట్లో పోడన్నాను. అయితే ఇప్పుడే వస్తానని చెప్పి, కొంగు సర్దుకుని, తలుపు దగ్గరికి వేసి బయలుదేరింది.