గొర్రెలతో వేసిన గ్రాఫు

కట్టంగూరు దగ్గరి ఒక ఊళ్లో మూడేళ్ల కిందట జరిగిందిది. మండలంలో లెక్కలు సేకరించే ఉద్యోగిని నేను. అక్కడి గొర్రెల్లో సగానికి టీకా పడలేదని కాపరులకు అర్థమయ్యేలా చెప్పాలి. లేకుంటే మర్నాటి శిబిరానికి ఒక్క గొర్రె కూడా రాదు. ఎడ్లబండి చక్రమంత గుండ్రటి బొమ్మ గీసి, రంగులేసి చూపించాను.

"గిదేం సర్వపిండి సారూ? ముక్కలు కోసినవు గని పెట్టకపోతివి," అంది ఒక అవ్వ.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అక్కడే ఉన్న కాపరి మల్లయ్య మందనే గ్రాఫు చేశాను. టీకా పడ్డ గుర్తుగా సగం గొర్రెలకు జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పూసి ఒకవైపు, మిగతా సగాన్ని మరోవైపు నిలబెట్టాను. అంతలో జిల్లా అధికారి జీపు వచ్చి హారన్ కొట్టింది. ఇక భూకంపమే. రెండు గుంపులూ కలగలిసిపోయి, జీపు దిగిన అధికారి గొర్రెల సముద్రంలో నడుం దాకా మునిగారు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

మల్లయ్య మందను చూస్తూ గడ్డం గోక్కున్నాడు. "జాజు లేనియి అన్నిట్ల సొచ్చినయి. రోగం గూడ గిట్లనే పాకుతది గదా. రేపు ముందుగాల నా మందకే సూది ఏయుండ్రి."

"మా గొర్రెలేం పాపం జేసినయే?" అంటూ మిగతావాళ్లు ఎగబడ్డారు.

"భలే ప్లాన్ చేశావయ్యా," అన్నారు అధికారి, ప్యాంటు దులుపుకుంటూ.

వినయంగా తల వంచుకున్నాను. లెక్కలు ఎవరికి చెప్పాలన్నా వాళ్ల కళ్లముందున్న వాటితోనే చెప్పాలని ఆ రోజు తెలిసింది. ఆ హారన్ మాత్రం నా ప్లానులో లేదని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.