కరియతో వీధిలోకి వెళ్లాలంటే...

మా చిన్నప్పుడు కరియను బయటికి తీసుకెళ్లే ముందు నేను గుమ్మంలోంచి తల బయటపెట్టి సందు రెండు వైపులా చూసేదాన్ని... ఏ కుక్కా లేదంటేనే మా సుశీలత్త తాడు పట్టుకుని గడప దాటేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి అది. గద్వాలలో మా ఇల్లు ఒక ఇరుకు సందులో ఉండేది. నల్లగా నిగనిగలాడే ఆ కుక్కను రాయచూరు చుట్టాలు తెచ్చిచ్చారు. కన్నడంలో నల్లోడు అని, కరియ అన్న పేరు కూడా వాళ్లే పెట్టారు.

ఇంట్లో వాడంత నెమ్మదస్తుడు లేడు. నాన్న మగ్గం నేస్తుంటే పక్కనే పడుకునేవాడు. తమ్ముడు తోక పట్టుకుని లాగినా ఊరుకునేవాడు. కానీ వీధిలో ఇంకో కుక్క కనబడిందా... మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. గొంతులో గుర్రు మొదలయ్యేది. అప్పుడప్పుడు తాడు నేను పట్టుకుంటే ఆ గుర్రు దాని వెంట నా అరచేతిలోకి పాకేది... నా కాళ్లు వణికేవి.

ఒకరోజు పొద్దున తాడు నా చేతిలో ఉంది. మలుపులో గోధుమరంగు కుక్క ఒకటి ఎదురైంది. కరియ ఒక్క ఊపున దూకాడు. తాడు జారిపోయి నా అరచేతి తోలు లేచింది. రెండూ కలబడ్డాయి... దుమ్ము, అరుపులు... నేను గోడకు అతుక్కుపోయాను. వెనకే వస్తున్న అత్త పరుగున వచ్చి కరియ మెడ పట్టుకుంది. ఆ ఉద్రేకంలో ఎవరి చెయ్యో వాడికేం తెలుసు... అత్త ముంజేతిలో పళ్లు దిగాయి.

అత్తను దవాఖానకు తీసుకెళ్లి సూదులు వేయించారు. ఇంటికి రాగానే నాన్న తేల్చేశాడు.

"ఇగ వీన్ని ఇంట్ల ఉంచేది లేదు. పెద్దమందడిల మనోళ్లు చేను కాడ కట్టేసుకుంటమన్నరు, ఇచ్చేస్త."

"జర ఆగన్నా" అంది అత్త, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. "చిన్నగున్నప్పుడు కుక్కలన్ని మీద పడి చీరినయంట. చిరిగిన ఆ చెవి చూడు. వానిది కోపం గాదు... భయం."

నన్నింత భయపెట్టేవాడికే భయమా... నేను నమ్మలేదు.

మర్నాడు నాన్న ఎద్దుల మూతికి కట్టేలాంటి తాళ్ల చిక్కం ఒకటి తెచ్చాడు. "ఇది లేకుంట గడప దాటొద్దు" అన్నాడు.

ఆ రోజు నుంచి అత్త కొంగులో జొన్నరొట్టె ముక్కలు మూటకట్టుకునేది. దూరంగా కుక్క కనబడగానే, కరియ గుర్రుమనకముందే పేరు పెట్టి పిలిచేది. తల తిప్పితే చిక్కం సందులోంచి ఒక ముక్క. కుక్క దగ్గరికొస్తుంటే వెనక్కి తిరిగి వేరే సందు పట్టేది. ఒక్కసారి కూడా కొట్టలేదు.

తాడు లాగీ లాగీ అత్త చెయ్యి నొప్పి తిరగబెట్టడంతో కొన్నాళ్లకు మళ్లీ నేనే తాడు పట్టుకున్నాను. ఓ పొద్దున సందు మధ్యలో ఉన్నాం... ఎదురుగా అదే గోధుమరంగు కుక్క. వెనక్కి తిరిగితే బండరాళ్ల ఎడ్లబండి సందు మూసేసింది. తాడును రెండు చేతులకు చుట్టుకున్నాను.

"అంత బిర్రుగ గుంజకే" అంది అత్త వెనకనుంచి మెల్లగా. "నీ భయం వానికి తెలుస్తది. జర వదులు చెయ్. పిలువు."

"కరియా..." నా గొంతు నాకే వినబడలేదు. గుర్రు మొదలైంది. మళ్లీ పిలిచాను.

తల తిప్పి నా వైపు చూశాడు... అత్త అందించిన ముక్క పెడుతూ వాడి డొక్క మీద చెయ్యి వేశాను. లోపల గుండె టపటపా కొట్టుకుంటోంది. ఒళ్లంతా వణుకు... అచ్చం నాలాగే. అత్త మాట అప్పుడు నమ్మాను.

ఆ కుక్క కాలువ వాసన చూసుకుంటూ అవతలి గోడ పక్కనుంచి వెళ్లిపోయింది. అత్త అక్కడే ఎవరిదో అరుగు మీద కూలబడింది. "నాకు గూడ పానం పోయినంత పనైందే పిల్లా..." అంటూ నవ్వింది. కళ్లలో నీళ్లు.

కరియ చివరిదాకా ఏ కుక్కతోనూ స్నేహం చేయలేదు. వీధిలో మేం చిక్కమూ తీయలేదు. కానీ నాన్న మళ్లీ పెద్దమందడి మాట ఎత్తలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి కుక్క ఉండేదా? దాన్ని పట్టుకుని ఎలా నడిచేవారో చెప్పండి...

మొన్న గద్వాల వెళ్లినప్పుడు ఆ సందులో నడిచాను. అప్పుడు మా మీదికి కుక్క వస్తుంటే చాలాసార్లు ఏదో ఒక తలుపు తెరుచుకునేది... "లోపలికి రాండ్రి, అది పోయినంక పోదురు" అని ఎవరో ఒకరు పిలిచేవారు. ఇప్పుడు వరసగా ఇనుప గేట్లే... భయమేస్తే ఏది తట్టాలో తెలియలేదు.