ఊడిన కుచ్చిళ్లు

నా చిన్నప్పుడు కోదాడలో నేను చదివిన బడిలో ఆడపిల్లలు లేరు. వార్షికోత్సవ నాటకంలో ఆడవేషం ఉంటే, బక్కగా పొట్టిగా ఉన్నవాడికి చీర కట్టేవారు. ఆ ఏడు ఆ వంతు నాకొచ్చింది. రైస్ మిల్లు యజమాని ఇంట్లో పనిమనిషి వేషం. పళ్లెంలో చాయ్ తెచ్చి, యజమానికిచ్చి వెళ్లిపోవాలి. అంతే.

మా అమ్మ తన పచ్చ చీర ఇచ్చి, తానే వచ్చి కడతానంది. తోటివాళ్లు నవ్వుతారని వద్దన్నాను. తెర వెనక నాకు నేనే చుట్టుకున్నాను, పిన్నీసు లేకుండా. వేదిక సగం దాటకముందే కుచ్చిళ్లు ఊడి కాళ్లకు చుట్టుకున్నాయి. పళ్లెం వదిలేసి, చీర గుప్పిట పట్టుకుని పారిపోయాను. ఈలలు గేటు దాకా వెంట వచ్చాయి. ఇంటికొచ్చి చీరను మూలకు విసిరేశాను. అమ్మ దాన్ని తీసి, దులిపి, మడతపెట్టింది.

అదే నాటకాన్ని మరుసటి వారం సూర్యాపేటలో పోటీకి ఆడాలి. నేను రానన్నాను. ఆ వేషానికి ఇంకెవరూ సరిపోరు కనుక నేను లేకపోతే నాటకమే లేదు. తోటి పిల్లలు ఇంటికొచ్చి ముందు బతిమాలారు, తర్వాత తిట్టారు. తలుపు తీయలేదు.

సెలవులకు వచ్చిన పక్కింటి అక్కకు పాత ఇంగ్లీషు సినిమాల పిచ్చి. నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఒక నలుపు తెలుపు హాస్యచిత్రం పెట్టింది. అందులో ఒక పనిమనిషి ఉంది. కథంతా హీరోయిన్‌ది, ఈమెవి అక్కడక్కడ కొన్ని నిమిషాలు. విందు గదిలోకి సూప్ గిన్నెతో వస్తుంటే, ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ కొస తలుపులో ఇరుక్కుంటుంది. ఆగుతుంది. గిన్నె కింద పెడుతుంది. తలుపు తీసి, కొస విడిపించుకుని, తలుపు మళ్లీ మెల్లగా వేస్తుంది. గిన్నె ఎత్తుకుని నడుస్తుంది. దొరలంతా నోళ్లు తెరిచి చూస్తున్నా ఆమె ఎవరివైపూ చూడదు. నేను పడిపడి నవ్వాను. మళ్లీ వేయమన్నాను.

“సూసినవా తమ్మీ, ఆమె మనల్ని నవ్విస్తలేదు. ఆమెకు పనున్నది. నవ్వు మనకొస్తున్నది, గంతే.”

అక్క సినిమా ఆపి, “అయినా సీర కట్టుకునుడు గంత సిగ్గేందిరా? మీ అమ్మ రోజూ గదే కట్టుకుని నాట్లేస్తది గద,” అంది.

నా నవ్వు ఆగిపోయింది. బడిలో ఈలలకంటే ఆ మాటకే ఎక్కువ సిగ్గేసింది.

మర్నాడు అమ్మనే చూస్తూ కూర్చున్నాను. బిందె ఎత్తబోతుంటే కుచ్చిళ్లు జారాయి. బిందె దించింది. వేళ్ల మధ్య మడతలు పేర్చుకుంది. పొట్ట లోపలికి పట్టి, నడుం దగ్గర చెక్కుకుంది. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ మధ్యలో ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

వేషం వేస్తానని తోటి పిల్లలకు చెప్పాను. సూర్యాపేటకు అమ్మ కూడా బస్సెక్కింది. చీర తానే కట్టి, పిన్నీసు గట్టిగా పెట్టింది. ముందు వరుసలో మా బడి పిల్లలు, తెర పక్కన నిలబడ్డ నా నడుం వైపే చూస్తున్నారు. పిన్నీసు ఉంటే చీర నిలుస్తుంది. కానీ వాళ్ల కళ్లలో ఆ పారిపోయినవాడు కూడా నిలిచిపోతాడు. నేను వెళ్లాల్సిన క్షణానికి పిన్నీసు తీసేశాను.

వేదిక మధ్యలో కుచ్చిళ్లు జారాయి. పళ్లెం కింద పెట్టాను. మడతలు పేర్చుకున్నాను, పొట్ట పట్టాను, చెక్కుకున్నాను. చాయ్ తీసుకెళ్లి యజమానికిచ్చాను. హాలంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వులో ఈలలు లేవు.

తిరుగు బస్సులో అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉంది. “పిన్నీసు నేనే పెడితిని గద, ఎట్ల ఊడిందిరా?” అంది. కొంగు దించి, మెల్లగా, “నేను గట్లనే చెక్కుకుంటనా?” అని అడిగింది.

పిన్నీసు నా గుప్పిట్లోనే ఉంది. తలెత్తలేకపోయాను.

ఇప్పుడు మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ ఇంజనీరుని. మిషన్ ఆగి అందరి కళ్లూ నా మీద పడితే, ఇప్పటికీ ముందు పారిపోవాలనే అనిపిస్తుంది. చేతిలోది కింద పెట్టి, ఊడినదాన్ని సర్దుతాను. ఆ తీరు ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే, మొదట ఆ సినిమా పేరే నోటికొస్తుంది. దాన్ని మింగేసి, మా అమ్మ దగ్గర అంటాను.