దండ వేసిన కెమెరా

నిన్న కర్నూలులో ఒక హోటల్లో అలంకారానికి పెట్టిన పాత డబ్బా కెమెరాను చూసి ఒళ్ళు మండిపోయింది.

ఓర్వకల్లు దగ్గర మా పల్లెలో అలాంటిదే నడిమింటి గోడకు వేలాడేది. ఊర్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. దానికి కుంకుమబొట్టు, కనకాంబరాల దండ ఉండేవి. మా ఇంటి దేవుడనుకుని బడికి పోయేముందు దండం పెట్టుకునేదాన్ని.

ఒకసారి ఇంటికి సున్నం కొట్టేటప్పుడు చిన్నాయన దాన్ని దించి అటక మీదికి విసరబోయాడు. మేము జేజి అని పిలిచే మా నాయనమ్మ చీపురు ఎత్తింది.

"కిందపెట్రా! చేతులు ఇరగ్గొడతా."

"చూసినోళ్ళు నవ్వుతాండారు మా. మనిషి ఫొటోకు దండేస్తారు గానీ కెమెరాకు యాడన్నా ఏస్తారా?"

"మీ నాయన ఫొటో ఉంటే ఏసేదాన్ని కాదా? ఊర్లో కడసారి ఫొటోకని యా పీనుగను కూచోబెట్టినా ఈ డబ్బాతో ఆయప్పే తీసె. ఆయప్పను కూచోబెట్టిన పొద్దు తీసేటోడు యాడుండాడు?"

చిన్నాయన కెమెరాను కింద పెట్టాడు. జేజి కొంగుతో సున్నం మరకలు తుడిచి, కెమెరాను మళ్ళీ తగిలించి, దాన్నే తిట్టింది.

"ఊరందరి మొగాలు తీస్తివి. నీ మొగం మాత్రం నాకు లేకుండా చేస్తివి."

నేను దండం పెడుతూ వచ్చింది, నేను పుట్టకముందే పోయిన తాతకు.

హోటల్లో జనం ఆ కెమెరా పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. కాఫీ ముట్టకుండా లేచి వచ్చేశాను. మా తాతకు ఈరోజుకీ ఒక్క ఫొటో లేదు.