హాజీగారి మర్యాద

రఖ్షందే కాషాన్ పట్నంలో ఒక నోటరీ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా టైపిస్టు. పెళ్ళాం పాస్‌పోర్టుకు మొగుడి అనుమతి, కూతురి పెళ్ళికి తండ్రి అనుమతి, ఇలాంటి కాగితాలు కళ్ళు మూసుకుని కొట్టేది. అందులో ఒకటి తన మెడకే చుట్టుకునేదాకా అవి ఏం చెబుతున్నాయో పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

మొగుడు రెండేళ్ళ కిందట లారీ బోల్తాపడి పోయాడు. ఈ వసంతంలో తొమ్మిదేళ్ళ కూతురు పూనేకి ఎడమ కన్ను మసకబారింది. పది రోజుల్లో ఆపరేషన్ చేయకపోతే ఆ కన్ను దక్కదన్నాడు ఇస్ఫహాన్ డాక్టరు. ఆపరేషన్ అనుమతి కాగితం మీద రఖ్షందే సంతకం పెట్టబోతే ఆసుపత్రి గుమాస్తా దాన్ని వెనక్కి లాక్కున్నాడు.

"మీరు కాదమ్మా. పిల్ల తండ్రి పెట్టాలి."

"ఆయన లేడు."

"అయితే తండ్రికి తండ్రి. నోటరీ చేయించి తెండి."

"కన్నది నేనయ్యా!"

"చట్టం నేను రాశానా తల్లీ?"

తండ్రికి తండ్రి, అంటే ఆమె మామగారు హాజీ ఖుద్రత్. ఏడాదిగా ఆయనకు తన పేరే గుర్తులేదు. ఆయనకు స్నానం చేయించేది రఖ్షందే, చెంచాతో పప్పు చారు తాగించేది రఖ్షందే. సంతకానికి మాత్రం ఆమె పనికిరాదు! మామగారికి మతి లేదని కోర్టులో చెప్పుకుంటే జడ్జి వేరే సంరక్షకుణ్ణి వేయడానికి మూడు నెలలు. కంటికున్నది పది రోజులు.

అయితే హాజీగారికి అన్నీ పోయినా మర్యాద పోలేదు. నలభై ఏళ్ళు బజారులో గులాబీ పన్నీరు అమ్మిన నోరది. రఖ్షందే దాన్నే నమ్ముకుంది. మర్నాడు పొద్దున్నే ఆయనకు గడ్డం గీసి, కోటు తొడిగి, తన ఆఫీసుకే తీసుకెళ్ళింది. కాగితం తనే టైపు చేసింది. 'సంపూర్ణ మతి స్థిమితంతో' అన్న చోట కీ విరిగేలా కొట్టింది. సాక్షులుగా పక్క రొట్టెల కొట్టులోంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. వాళ్ళు హాజీగారిని చూడడం అదే మొదటిసారి. ఏడాదిగా చూస్తున్న ఆమె సాక్ష్యం ఎవరికీ అక్కర్లేదు.

నోటరీ సఫాయీ కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఒంట్లో ఎలా ఉంది హాజీగారూ?"

"తమ నీడలో చల్లగా ఉన్నాం."

"మనవరాలి పేరేమిటండీ?"

రఖ్షందే మామగారి పెదాలకేసి చూసింది.

"తమ దాసి అండీ," అన్నాడు హాజీ, చెయ్యి గుండెకు ఆనించుకుని.

సఫాయీ మురిసిపోయాడు. "చూశారా, పాతకాలం మనిషి! ఆపరేషన్‌కి తమకు సమ్మతమేనా?"

"తమరు అడగడం, నేను కాదనడమా!"

"అయితే సంతకం పెట్టండి."

హాజీ కలం తీసుకుని వినయంగా సఫాయీ ముందుకే జరిపాడు. "ముందు తమరు."

"అయ్యో, తమరే పెట్టాలి."

"నావల్ల కాదు బాబూ. పెద్దలు తమరు."

రొట్టెల కొట్టువాళ్ళు నవ్వుతున్నారు. ముసలాయన మర్యాదకు కూతురి కన్ను బలయ్యేలా ఉందని రఖ్షందే పళ్ళు కొరుక్కుంటోంది. మూడోసారి బతిమాలితే గానీ ఏదీ ఒప్పుకోకపోవడం ఆ ఊరి మర్యాద. సఫాయీ ఆ మూడోసారి అడుగుతాడా, లేక విసుగెత్తి లేస్తాడా?

"నా మీద ఒట్టు హాజీగారూ," అన్నాడు సఫాయీ.

హాజీ సంతకం పెట్టాడు. నలభై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే గీసేసింది. సఫాయీ ముద్ర గుద్దాడు.

రఖ్షందే మెట్ల మీద నిలబడి కాగితం మళ్ళీ చదివింది. తాత పేరుంది, చచ్చిపోయిన తండ్రి పేరుంది, రొట్టెల కొట్టువాళ్ళ పేర్లున్నాయి. పిల్లను కన్నదాని పేరు ఎక్కడా లేదు. ఆ కాగితాన్ని చింపి వాళ్ళ మొహాన కొట్టాలనిపించింది. మడిచి ముసుగు లోపల దాచుకుంది.

హాజీ ఆమె ముసుగు కొంగు పట్టుకుని నెమ్మదిగా అడిగాడు. "ఎవరింటి పిల్లవో గానీ అమ్మా, మీ ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే పిలువు. నన్ను ఇంటికి దింపుతారు."

"ఎవరూ లేరు మామయ్యా," అంది రఖ్షందే. "నేనే ఉన్నాను. నడవండి."