ఏటికి రెండు వేళలు

చాన్యార్ సోలోలో ఏరు దాటాలంటే ఎవరైనా సాయంత్రం దాకా ఆగుతారు. ఎగువన మధ్యాహ్నపు ఎండకు కరిగిన మంచు లోయ పొడవునా ప్రవహించి ఆ ఊరు చేరేసరికి మర్నాడు తెల్లవారుతుంది. అందుకే పొద్దున ఏరు పొంగుతుంది, పొద్దు వాలేసరికి మోకాలి లోతుకు దిగుతుంది. డెల్ఫీనా లికితాయ్ నడక నేర్చిన నాటి నుంచీ ఈ లెక్క తప్పింది లేదు.

లోయ ఎంత సన్నమంటే, ఈ గట్టున తిట్టిన తిట్టు ఆ గట్టున వినిపిస్తుంది. పొడవు మాత్రం నాలుగు రోజుల నడక. ఏటి పక్కన రెండు చేల వెడల్పున పచ్చదనం, ఆపైన రెండు వైపులా బోడికొండలు. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఆ సీమలో డిసెంబరంటే నడివేసవి; ఎండలు ముదిరాక ఆ కొండల్లో మేకకు దొరికేది రాయి ఒక్కటే. మందను ఎగువ పచ్చికలకు తోలుకుపోవాల్సిందే.

ఏటేటా ఆ పని భర్త అబ్దోన్ చేసేవాడు. ఆ శరదృతువులో ఆయన పోయాడు. నలభై ఏడేళ్ల డెల్ఫీనా తనే బయల్దేరింది. నూట పన్నెండు మేకలు, ఒక కంచర గాడిద, ఒక కుక్క. ఆ మేకల పాలు విరిచి, ఉప్పేసి గట్టిపరిచే జున్నే ఆమె తిండి, బట్ట, ఇంటి కప్పు.

ఆడపడుచు రొసెండా గుమ్మంలో నిలబడి నవ్వింది. "వదినా, నువ్వు మేకల్ని మేపుతావో, అవే నిన్ను మేపుకొస్తాయో!"

"మేపనీలే. నీ వంట తిని తిని చిక్కిపోయాను."

మూడో రోజు పొద్దు వాలుతుండగా, ఏరు దాటాల్సిన ఎల్ పెసెబ్రే రేవు చేరింది. అక్కడ రెండు కొండలూ దాదాపు ఒరుసుకుంటాయి. అవతల గట్టున గడ్డి కనిపించేసరికి ఆకలి మీదున్న మేకలు ఆగలేదు. నీళ్లు మోకాలి లోతే. వేళకే వచ్చామనుకుని డెల్ఫీనా మందను అదిలించింది. గంట కట్టిన పెద్దమేక ఏట్లో దిగింది.

అవతలి రాతిగుడిసెలోంచి ఒక ముసలాయన కంబళి ఊపుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగవమ్మా! వెనక్కి తోలు!"

"ఎందుకు? మోకాలి లోతేగా!"

"ఇప్పుడు మోకాలు. కాసేపట్లో మెడ!"

"సాయంత్రం ఏరు పెరగడమేంటి పెద్దాయనా? తాగావా?"

"తాగుంటే రమ్మనేవాణ్ణి! రేపు నీ మేకల్ని దిగువన ఏరుకుని కూరొండుకునేవాణ్ణి. మీది కింది ఊరు కదూ? పొద్దున మీ ఊరికొచ్చే నీళ్లు సాయంత్రం ఎక్కడుంటాయనుకున్నావు? ఇక్కడే!"

డెల్ఫీనా చటుక్కున ఎగువకు చూసింది. అబ్దోన్ ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఏ చేత్తో అన్నం తింటామో ఎవరూ చెప్పుకోనట్టే ఆయనకు ఇదీ.

ఈల వేసింది. కుక్క మందను వెనక్కి మళ్లించింది. పెద్దమేక మాత్రం గడ్డి మీద చూపు తిప్పలేదు. డెల్ఫీనా నీళ్లలోకి దూకి, కొమ్ము పట్టి ఈడ్చింది. ఇద్దరూ గట్టెక్కేలోపే నీళ్లు నడుం తాకాయి, రంగు మారాయి. ఎగువన రాళ్లు దొర్లుతున్న చప్పుడు. రేవు మధ్యన గాడిదంత బండ ఉండేది. చూస్తుండగానే మునిగిపోయింది.

ఆమె గడ్డకట్టిన చేతులతో మేకల్ని లెక్కపెట్టింది. నూట పన్నెండు. నమ్మకం కుదరక ఒక్కొక్కదాని వీపూ తట్టుకుంటూ మళ్లీ లెక్కపెట్టింది. అంతే ఉన్నాయి.

తెల్లారేసరికి ఏట్లో నీళ్లు పిక్కల దాకా కూడా లేవు. మంద దాటాక ముసలాయన ఎదురొచ్చాడు. పేరు ఇలారియోన్ వాంచికాయ్. ఒకే లోయలో పుట్టిన ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు.

డెల్ఫీనా సంచిలోంచి పెద్ద జున్నుముద్ద తీసిచ్చింది. ఆయన ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పు తగ్గింది."

"నిన్న నువ్వు అరవకపోతే జున్నే ఉండేది కాదు. నీకు వెయ్యి దండాలు."

"నాకు దండాలెందుకు? అరవకపోతే మునిగిపోయే మేకల ఏడుపు వినాల్సింది నేనేగా."

"సరేలే, దండం నీకు కాదు, నీ గొంతుకి."

ముసలాయనకు నవ్వు ఆగలేదు. "అయితే ఆ గొంతుకే ఇంకో ముక్క పెట్టు," అంటూ పొయ్యి మీద తేనీటికి నీళ్లు పెట్టాడు. డెల్ఫీనా మొత్తం ముద్దా ఆయన చేతిలో పెట్టి, తడి బూట్లు విప్పి, ఎండలో కాళ్లు చాపుకుని కూర్చుంది.